బక్కచిక్కిన బాల్ పైథాన్‌కు పథ్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా ప్రాంతాలకు చెందిన చిన్న కొండచిలువ. బెదిరినప్పుడు తలను లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది కాబట్టి అమెరికాలో దానికి ఆ పేరు స్థిరపడింది. బ్రిటన్‌లో రాయల్ పైథాన్ అంటారు. రెండు దేశాల్లోనూ ఇది పెంపుడు పాముగా బాగా ప్రాచుర్యం పొందింది. చదువు ముగించుకుని వెళ్ళిపోయే విద్యార్థులు, ఇల్లు మారుతున్నవారు, ఆసక్తి తగ్గినవారు వీటిని ఇతరులకు ఇచ్చేస్తుంటారు. అలా చేతులు మారే పాముల్లో కొన్ని ఎముకలు తేలిపోయిన స్థితిలో వస్తాయి. అమెరికాలో స్థిరపడిన నేను అటువంటి ఒక ఆడపామును తెచ్చుకుని కోలుకునేలా చేశాను. అది మొదలు తెలుగువారైన మిత్రులు, వారి పిల్లలు నన్ను మళ్ళీమళ్ళీ అడిగిన ప్రశ్నలకు సమాధానాలను ఇక్కడ ఒకచోట చేర్చాను. ఇవి పశువైద్యుడి సలహాకు ప్రత్యామ్నాయం కావు.

మా పాము నిజంగా బక్కచిక్కిందా, లేక దాని తీరే అంతా?

పాము పొడవును కాకుండా దాని అడ్డుకోతను ఊహించుకుని చూడండి. ఆరోగ్యంగా ఉన్న బాల్ పైథాన్ ఒళ్ళు పైభాగంలో కొద్దిగా ఏటవాలుగా, పక్కల గుండ్రంగా, బ్రెడ్డు ముక్క ఆకారంలో ఉంటుంది. బక్కచిక్కిన పాములో వెన్నెముక గట్టులా పైకి తేలి, దానికి రెండు పక్కలా కండ జారిపోయి, శరీరం నిట్రాట మీద కప్పిన తాటాకు కప్పులా త్రికోణంగా కనిపిస్తుంది. వేలితో మెల్లగా నిమిరితే పక్కటెముకలు ఒక్కొక్కటిగా తగులుతాయి. తోక మొదలు దగ్గర గుంటలు పడతాయి. పాము ఒంపు తిరిగినప్పుడు చర్మం మడతలు పడి, ఆ మడతలు వెంటనే సర్దుకోకపోతే ఒంట్లో నీరు కూడా తగ్గిందని అనుకోవాలి. కళ్ళు లోపలికి పోవడం కూడా నీరు తగ్గిందనడానికే గుర్తు.

ఇంకొక మాట. పెంపకందారులు పెట్టే ఫోటోల్లో కనిపించే పాముల్లో చాలా వాటికి ఒళ్ళు అవసరానికి మించి ఉంటుంది. వాటితో పోల్చి చూసుకుని, సరైన ఒళ్ళు ఉన్న తమ పాము బక్కగా ఉందని కంగారుపడేవారు నాకు తరచుగా తారసపడుతుంటారు. వెన్నెముక చేతికి తెలియడం జబ్బు కాదు. అది కంటికి గట్టులా కనబడుతున్నప్పుడే ఆలోచించాలి.

బరువు ఎంత ఉండాలి? ఎలా తూచాలి?

గుడ్డులోంచి బయటికి వచ్చిన పిల్ల సాధారణంగా 50 నుంచి 80 గ్రాముల దాకా ఉంటుంది. పూర్తిగా ఎదిగిన మగపాములు ఎక్కువగా 1 నుంచి 1.5 కిలోలు, ఆడపాములు 1.5 నుంచి 2.5 కిలోలు తూగుతాయి. అయితే వయసు, పొడవు, ఆడా మగా అన్న తేడాలను బట్టి ఈ అంకెలు మారతాయి కాబట్టి ఒక్క బరువును చూసి తీర్పు చెప్పకండి. నేను తెచ్చుకున్న పాము మూడున్నర అడుగుల పొడవుండి 640 గ్రాములే తూగింది. అంకెను చూడక ముందే దాని వెన్నెముక విషయం చెప్పేసింది.

వంటింటి త్రాసు లాంటి గ్రాముల త్రాసును పాము కోసమే విడిగా కొనుక్కోండి. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాను దానిమీద పెట్టి, సున్నా చేసి, పామును అందులో ఉంచి తూచండి. వారానికి ఒకసారి, ఒకే రోజున, ఆహారం పెట్టక ముందు తూచి నోటు పుస్తకంలో రాసుకోండి. రోజూ తూచడం వల్ల పాముకు ఇబ్బంది, మీకు ఆందోళన తప్ప ఒరిగేదేమీ ఉండదు. ఒకసారి విసర్జన జరిగినా అంకె పదుల గ్రాములు మారిపోతుంది.

ఆకలితో ఉన్న జీవికి వెంటనే కడుపునిండా పెడితే తప్పేమిటి?

ఈ ప్రశ్నకు సమాధానం తెలియక నేనే మొదటి తప్పు చేశాను. పాము ఇంటికి వచ్చిన సాయంత్రమే జాలిపడి సుమారు 70 గ్రాముల ఎలుకను పెట్టాను. ఆబగా మింగింది. మూడో రోజు ఉదయానికి దాన్ని సగం అరిగిన స్థితిలో కక్కేసి, వచ్చిననాటికంటే నీరసంగా పడి ఉంది.

పాము కడుపు మన కడుపు లాంటిది కాదు. మనం రోజుకు మూడుసార్లు తింటాం కాబట్టి మన జీర్ణవ్యవస్థ ఎప్పుడూ పనిలోనే ఉంటుంది. కొండచిలువలు చాలా రోజులకు ఒకసారి తింటాయి కాబట్టి మధ్యకాలంలో ఆ వ్యవస్థను దాదాపుగా మూసివేస్తాయి: కడుపులో ఆమ్లం ఊరడం ఆగిపోతుంది, పేగుల లోపలి పొర పలచబడుతుంది. ఎర కడుపులో పడగానే అన్నింటినీ తిరిగి నిర్మించుకోవాలి. స్టీఫెన్ సీకోర్, జారెడ్ డైమండ్ వంటి శాస్త్రవేత్తలు బర్మీస్ కొండచిలువల మీద చేసిన పరిశోధనల్లో, పెద్ద ఎరను మింగిన తర్వాత జీవక్రియ వేగం 40 రెట్ల దాకా పెరగగలదని, చిన్నపేగు బరువు సుమారు రెట్టింపవుతుందని తేలింది. గుండె కండరం కూడా రెండు రోజుల్లో 40 శాతం దాకా పెరుగుతుందని 2005లో వెలువడిన మరొక పరిశోధన చూపింది. ఈ నిర్మాణానికి కావలసిన పెట్టుబడి తిన్న ఆహారం నుంచి కాక ముందుగా ఒంట్లో ఉన్న నిల్వల నుంచే రావాలి. బక్కచిక్కిన పాము దగ్గర ఆ పెట్టుబడే ఉండదు.

రెండో ప్రమాదం రక్తంలో ఉంటుంది. దీర్ఘకాలం పస్తులున్న శరీరంలో ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం నిల్వలు కరిగిపోయినా, రక్తంలో వాటి స్థాయి మామూలుగానే కనిపించవచ్చు. ఒక్కసారిగా ఆహారం అందగానే ఇన్సులిన్ పెరిగి అవన్నీ కణాల లోపలికి వెళ్ళిపోతాయి, రక్తంలో హఠాత్తుగా పడిపోతాయి, దానితో కండరాలు, గుండె దెబ్బతింటాయి. దీన్ని వైద్యులు రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో పస్తులతో చిక్కి విడుదలైన ఖైదీలలో కొందరు, అన్నం దొరికిన తర్వాత ప్రాణాలు కోల్పోవడం వైద్యులు గమనించారు. మూడో ప్రమాదం మూత్రపిండాలకు సంబంధించింది. పాములు మాంసకృత్తుల వ్యర్థాన్ని యూరిక్ ఆమ్లంగా విసర్జిస్తాయి. ఒంట్లో తగినంత నీరు లేనప్పుడు భారీగా మాంసం అందితే ఆ ఆమ్లం స్ఫటికాలుగా మారి అవయవాల్లో పేరుకుపోవచ్చు.

టైఫాయిడ్ నుంచి లేచిన మనిషికి మన ఇళ్ళలో తొలిరోజునే పులిహోర, గారెలు పెట్టరు. గంజి, జావ, ఆ తర్వాత మెత్తటి అన్నం, చారు అంటూ పథ్యం నడుపుతారు. పాముకు వర్తించే పథ్యం క్రమం కూడా ఇదే: ముందు వెచ్చదనం, ఆ తర్వాత నీరు, అన్నిటికన్నా చివర ఆహారం.

మరి మొదటి వారం ఏం చేయాలి?

పాము తన ఒంటి వేడిని తాను పుట్టించుకోలేదు కాబట్టి బయటి వేడి సరిగా లేనిదే అరుగుదల గానీ, వ్యాధి నిరోధకత గానీ సరిగా పనిచేయవు. నేను చూసిన బక్క పాముల్లో ఎక్కువ వాటికి అసలు జబ్బు చలే. గూటిలో ఒక పక్క 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, అంటే 88 నుంచి 92 డిగ్రీల ఫారెన్‌హీట్, రెండో పక్క 25 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ ఉండేలా చూడండి. రాత్రిళ్ళు వెచ్చని పక్కను పూర్తిగా చల్లారనివ్వకండి. హీట్ మ్యాట్ వాడినా, పైనుంచి వేడినిచ్చే సిరామిక్ దీపం వాడినా థర్మోస్టాట్, అంటే వేడిని హద్దులో ఉంచే పరికరం, తప్పనిసరి. థర్మోస్టాట్ లేని మ్యాట్ మీద కదలకుండా పడుకున్న నీరసపు పాముకు పొట్ట కాలిపోతుంది. వేడెక్కే కృత్రిమ రాళ్ళ వల్ల కూడా ఇదే ముప్పు. అంటించే డయల్ థర్మామీటర్లను నమ్మకండి, ప్రోబ్ ఉన్న డిజిటల్ థర్మామీటరు తీసుకోండి.

గూడు చిన్నదిగా, సాదాగా ఉండాలి. కింద కాగితపు తువ్వాళ్ళు పరిస్తే మలం రంగు, కక్కిన పదార్థం, తిరిగే పేలు వెంటనే కంటబడతాయి. వెచ్చని పక్కన ఒకటి, చల్లని పక్కన ఒకటి చొప్పున ఒళ్ళు ఆనుకునేంత ఇరుకైన దాగుడు గూళ్ళు రెండు పెట్టండి. బాల్ పైథాన్‌కు మూడు వైపులా గోడ తగిలితేనే ధైర్యం. పాము ఒళ్ళంతా పట్టే బరువైన నీటి గిన్నె ఒకటి, గాలిలో తేమ 60 శాతం పైచిలుకు. ఇంట్లో వేరే పాములుంటే దీన్ని వేరే గదిలో కనీసం 90 రోజులు ఉంచి, చివర్లో దీని పని చూసి చేతులు కడుక్కోండి.

అన్నింటికంటే కష్టమైన నియమం ఏమిటంటే, ఆ వారమంతా పామును వదిలేయాలి. తూచడానికి, నీటిలో ఉంచడానికి తప్ప చేతిలోకి తీసుకోకూడదు. దయతో చేసే నిమురుడును పాము దాడిగానే లెక్కిస్తుంది.

నీళ్ళు తాగించడం ఎలా? ఓఆర్‌ఎస్ ఇవ్వవచ్చా?

మూత ఉన్న డబ్బాలో 28 నుంచి 30 డిగ్రీల గోరువెచ్చని నీటిని పాము ఒంటి ఎత్తులో సగం దాకా మాత్రమే పోసి, 15 లేదా 20 నిమిషాలు అందులో ఉంచండి. ఆ సమయమంతా పక్కనే ఉండండి. నీరసంగా ఉన్న పాము తల ఎత్తలేక మునిగిపోగలదు. మొదటి వారంలో రోజు విడిచి రోజు చేస్తే సరిపోతుంది. చాలా పాములు ఆ నీటినే తాగుతాయి, దవడ మెల్లగా కదులుతూ కనిపిస్తుంది.

సిరంజితో నోట్లో నీళ్ళు పోయకండి. పాము శ్వాసద్వారం నోటి అడుగున, ముందువైపే తెరుచుకుని ఉంటుంది కాబట్టి నీరు నేరుగా ఊపిరితిత్తిలోకి పోయి న్యుమోనియా రావచ్చు. ఓఆర్‌ఎస్ పొడులు మనుషుల కోసం తయారైనవి. ఇంట్లో వాటితో ప్రయోగాలు అనవసరం. చర్మం మడతలు పడి, నోరు జిగటగా ఉన్నంత లోటు ఉంటే పశువైద్యుడు చర్మం కిందికి తగిన ద్రవాన్ని కొలిచి ఎక్కిస్తారు, అది ఎన్ని స్నానాల కంటేనైనా మేలు.

మొదటి వారంలో త్రాసులో కనిపించే పెరుగుదలను చూసి సంబరపడకండి. ఆ 20, 30 గ్రాములు నీటి బరువే.

పాలు పోయమని, గుడ్డు పెట్టమని ఊరి నుంచి పెద్దవాళ్ళు చెబుతున్నారు. పెట్టవచ్చా?

పెట్టకూడదు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఆచారం మీద గౌరవంతోనే ఈ మాట చెబుతున్నాను. పాలు క్షీరదాల పిల్లలకు ప్రకృతి ఏర్పరచిన ఆహారం. పాము వంశంలో ఏ దశలోనూ పాలు లేవు, పాలలోని చక్కెరను అరిగించుకునే ఏర్పాటు దాని పేగుల్లో లేదు. పండగ రోజుల్లో పాములవాడి బుట్టలోని నాగుపాము పాలు తాగినట్లు కనిపించడానికి కారణం వేరు. వాటిని రోజుల తరబడి నీళ్ళు లేకుండా ఉంచుతారు, దాహంతో ఉన్న పాము ముందు ఏ ద్రవం పెట్టినా తాగుతుంది, తర్వాత జబ్బుపడుతుంది. ఇప్పటికే పేగులు పలచబడిన పాముకు పాలు పోస్తే విరేచనాలతో మిగిలిన నీరు కూడా పోతుంది.

గుడ్ల విషయానికొస్తే, గుడ్లు మాత్రమే తినే పాము జాతులు ఆఫ్రికాలోనూ, మన దేశంలోనూ ఉన్నాయి, కానీ బాల్ పైథాన్ వాటిలో చేరదు. కోడిమాంసం ముక్కలు, కైమా కూడా పనికిరావు. ఎముక, కాలేయం, బొచ్చు సహా మొత్తం జీవి లోపలికి వెళ్తేనే దానికి కాల్షియం, విటమిన్లు సరైన పాళ్ళలో అందుతాయి. మా అమ్మగారికి ఈ సంగతి వివరించడానికి నాకు మూడు వీడియో కాల్స్ పట్టాయి.

మొదటి ఆహారం ఎప్పుడు, ఎంత పెట్టాలి?

గూటి వేడి నాలుగైదు రోజులు నిలకడగా ఉండి, చర్మం మడతలు సర్దుకుని, పాము సాయంత్రాలు నాలుక ఆడిస్తూ తిరగడం మొదలుపెట్టాక తొలి ముద్ద పెట్టవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పిల్ల పాముకు తన బరువులో 10 నుంచి 15 శాతం ఉన్న ఎర పెడతారు. కోలుకుంటున్న పాముకు మొదట 3 నుంచి 5 శాతం చాలు. 640 గ్రాముల పాముకు అది 20 నుంచి 30 గ్రాములు, అంటే ఎదిగిన చిట్టెలుక ఒకటి. మూడడుగుల పామును అంత చిన్న ఎర ముందు చూస్తే జాలి కలగడం సహజమే. ఆ జాలి ఖరీదు ఏమిటో నేను పైన రాశాను.

ఏడు నుంచి పది రోజుల తర్వాత, అది విసర్జన చేసి చురుగ్గా ఉంటే, అదే పరిమాణంలో రెండోసారి పెట్టండి. ఇలా మూడు నాలుగుసార్లు ఏ ఆటంకం లేకుండా అరిగాక ఎర బరువును మెల్లగా పెంచుతూ, రెండు నెలలు గడిచేసరికి 7 లేదా 8 శాతానికి చేరవచ్చు. ఒకేసారి పరిమాణాన్ని పెంచడం, వ్యవధిని తగ్గించడం రెండూ చేయకండి. కక్కితే దేనివల్ల కక్కిందో తెలియదు. చాలా బలహీనంగా ఉన్న పాములకు వైద్యులు మాంసాహార జంతువుల కోసం తయారైన పొడిని నీటిలో కలిపి గొట్టం ద్వారా కడుపులోకి పంపి, లెక్కకట్టిన అవసరంలో సగం లేదా అంతకంటే తక్కువతో మొదలుపెడతారు.

దుకాణాల్లో గడ్డకట్టించి అమ్మే ఫ్రోజెన్ ఎలుకను ఎలా సిద్ధం చేయాలి? బతికున్నది పెడితే త్వరగా తింటుందేమో?

ఎలుకను మూత బిగించే ప్లాస్టిక్ సంచిలో ఉంచి, రాత్రంతా ఫ్రిజ్‌లో కరగనిచ్చి, పెట్టే ముందు వేడినీళ్ళలో ఉంచి తల భాగం 38 డిగ్రీల దాకా వెచ్చబడేలా చూడండి. బాల్ పైథాన్ పెదవుల మీద ఉండే గుంటలు వేడిని పసిగడతాయి, ఎర చల్లగా ఉంటే దాన్ని తిండిగా గుర్తించకపోవచ్చు. మైక్రోవేవ్ జోలికి పోకండి. బయట వెచ్చబడి లోపల గడ్డగానే ఉంటుంది, లేదా పొట్ట పగులుతుంది.

బతికున్న ఎలుక విషయంలో నా అభిప్రాయం ఖచ్చితమైనది. దాన్ని నీరసపు పాముతో కలిపి వదిలి తలుపు వేసుకుంటే, తెల్లవారేసరికి ఎలుకే పామును కొరికి ఉండవచ్చు. వెన్నెముక కనబడేంత లోతు గాయాలతో ఆసుపత్రికి వచ్చే పాములు ఉన్నాయి.

ఎంత ప్రయత్నించినా ముట్టుకోవడం లేదు. ఏం చేయాలి?

ముందుగా మీ ప్రయత్నాలను తగ్గించండి. రోజూ పటకారుతో ఎలుకను ముఖం ముందు ఆడిస్తే పాముకు ఆ ఎలుకే బెదురుగా మారుతుంది. వారానికి ఒకసారి, చీకటి పడ్డాక, గదిలో అలికిడి లేనప్పుడు పెట్టండి. గూటికి మూడు పక్కలా గుడ్డ కప్పండి. పటకారుతో చూపితే పాము అందుకోకపోతే, వెచ్చబెట్టిన ఎరను దాగుడు గూటి గుమ్మం దగ్గర వదిలి తెల్లారేదాకా చూడకండి. చాలామంది విఫలమయ్యేది తొంగిచూడకుండా ఉండడంలోనే.

పెద్ద ఎలుకలకు అలవాటుపడిన పాము చిట్టెలుకను, చిట్టెలుకలకు అలవాటుపడినది ఎలుక పిల్లను గుర్తించకపోవచ్చు కాబట్టి పాత యజమానిని ఏం పెట్టేవారో అడగండి. ఆఫ్రికాలో వీటి సహజ ఆహారమైన మెత్తబొచ్చు ఎలుకలు కొన్ని దుకాణాల్లో దొరుకుతాయి, మొండికేసిన పాములు వాటి వాసనకు కదులుతుంటాయి. నైజీరియాలో అడవి పాముల ఆహారాన్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు, చెట్లెక్కే మగపాములు పక్షులను ఎక్కువగా తింటున్నట్లు గమనించారు. అందువల్ల మగపాముకు కంజుపిట్ట పిల్లను ఒకసారి చూపడం వృథా కాదు. పాము స్పైడర్ అనే రంగు రకానికి చెందినదైతే దాని తల వణుకు పుట్టుకతో వచ్చిన నరాల లోపం. ఎరను గురిచూసి అందుకోలేకపోవడాన్ని అయిష్టంగా పొరబడకండి.

నోరు తెరిచి బలవంతంగా పెట్టవచ్చా?

మీకు మీరుగా చేయకండి. దవడ, పళ్ళు, అన్నవాహిక సులువుగా దెబ్బతింటాయి, నోటిపూత మొదలవుతుంది, పైగా పాము పెనుగులాటలో ఖర్చు చేసే శక్తి ఆ ముద్దలో వచ్చేదానికంటే ఎక్కువ కావచ్చు. అవసరమని వైద్యుడు భావిస్తే తానే చేస్తారు, లేదా మీ చేత తన ఎదుట చేయించి నేర్పుతారు.

తిన్నదాన్ని కక్కేసింది. మళ్ళీ వెంటనే పెట్టాలా?

వద్దు. పైకి వచ్చిన ఆమ్లం అన్నవాహికను కాల్చి ఉంటుంది, అది మానడానికి వ్యవధి కావాలి. కనీసం 10 నుంచి 14 రోజులు నీరు, వెచ్చదనం తప్ప ఏమీ ఇవ్వకుండా ఉంచి, ఆ తర్వాత ముందు పెట్టినదానిలో సగం బరువున్న ఎరతో మొదలుపెట్టండి. నేను ఆ 70 గ్రాముల ఎలుక తర్వాత 14 రోజులు ఆగాను; అవి మా ఇంట్లో అందరం ఏకాదశి ఉన్నట్లే గడిచాయి.

ఆ వ్యవధిలో కారణం వెతకండి. గూడు చల్లగా ఉండడం, ఎర పెద్దది కావడం, తిన్న 48 గంటల లోపు చేత్తో పట్టుకోవడం అన్నవి మామూలు కారణాలు. ఇవేవీ కాకుండా రెండోసారి కూడా కక్కితే ఇక ఇంటి వైద్యం ఆపండి.

వైద్యుడి దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి? ఏ పరీక్షలు అడగాలి?

ఎముకలు తేలిన పామునైతే తెచ్చిన వారంలోనే చూపించండి. కుక్కలు, పిల్లులను చూసే వైద్యులందరికీ పాముల అనుభవం ఉండదు. అసోసియేషన్ ఆఫ్ రెప్టీలియన్ అండ్ ఆంఫీబియన్ వెటరినేరియన్స్ అనే సంస్థ సభ్యుల జాబితాలో మీ ఊరికి దగ్గరివారిని వెతకవచ్చు. నోరు తెరిచి ఊపిరి పీల్చడం, ముక్కు దగ్గర బుడగలు, చిగుళ్ళపై చీము, తల వెనక్కి వాలిపోయి తిప్పుకోలేకపోవడం, మలంలో రక్తం వంటివి కనిపిస్తే వారం దాకా ఆగవద్దు.

వెళ్ళేటప్పుడు తాజా మలాన్ని సంచిలో పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచి, ఒక రోజు లోపు అందజేయండి. పురుగులు, వాటి గుడ్లు అందులో తెలుస్తాయి. ఆఫ్రికా నుంచి పట్టి తెచ్చిన పాముల్లో ఇవి సర్వసాధారణం, మందుతో తగ్గుతాయి. అయితే నీరసపు పాముకు ఆ మందులే బరువు కాబట్టి మోతాదును వైద్యుడే నిర్ణయించాలి. పొలుసుల సందుల్లో, గదమ కింద, కంటి చుట్టూ నల్లటి ఆవగింజల్లా కదిలేవి రక్తం పీల్చే పేలు. శ్వాస ఇబ్బంది ఉంటే నిడోవైరస్ పరీక్ష గురించి అడగండి, బాల్ పైథాన్లలో దాన్ని 2014లో గుర్తించారు.

కొన్ని పాములు బాగా తింటూనే చిక్కిపోతాయి, లేదా ఒంటి నడుమ కడుపు భాగంలో గట్టి ఉబ్బు వచ్చి మాటిమాటికి కక్కుతాయి. అటువంటప్పుడు క్రిప్టోస్పోరిడియం అనే సూక్ష్మజీవి కోసం ప్రత్యేక పరీక్ష చేయించాలి, మామూలు మల పరీక్షలో అది దొరకకపోవచ్చు. దాన్ని పూర్తిగా నిర్మూలించే నమ్మకమైన మందు లేదు, ఇతర పాములకు అంటుకుంటుంది, మామూలు క్రిమిసంహారకాలకు లొంగదు. ఆ నిర్ధారణ జరిగితే పామును బాధ లేకుండా సాగనంపడం గురించి వైద్యుడు ప్రస్తావించవచ్చు. విని కోపం తెచ్చుకోకండి.

కుబుసం ముక్కలుగా అంటుకుపోయింది. పీకేయవచ్చా?

పీకకండి, ముఖ్యంగా కంటి మీది పొరను. ఒంట్లో నీరు, గాలిలో తేమ తగ్గినప్పుడే ఇలా జరుగుతుంది. తడిపిన నాచు నింపిన మూత డబ్బాకు గుమ్మం కత్తిరించి గూటిలో పెడితే పాము దానంతట అది లోపలికి దూరి, తర్వాతి కుబుసంతో పాటు పాతదాన్ని కూడా విడుస్తుంది. కోలుకునే పాము కుబుసం వెంట వెంటనే విడిస్తే మంచిదే, అది పెరుగుతోందన్నమాట.

ఇంట్లో చిన్నపిల్లలున్నారు. పామును ఉంచడం సురక్షితమేనా?

బాల్ పైథాన్‌కు విషం లేదు, కానీ సరీసృపాల ఒంటిపై మనుషులకు విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు. అయిదేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళలో సరీసృపాలను పెంచవద్దని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ సలహా. పాము గిన్నెలను వంటింటి సింకులో కడగకండి. ఎలుకల కోసం వీలైతే విడిగా చిన్న ఫ్రీజరు కొనుక్కోండి. శాకాహారులైన అత్తమామలు వచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

ఇండియాలో మా ఊళ్ళో దొరికిన బక్క పాముకు ఈ పద్ధతి పనికొస్తుందా?

అక్కడ చేయవలసిన పని వేరు. దేశీయ పాములను ఇంట్లో ఉంచుకోవడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అనుమతించదు. మన కొండచిలువ ఆ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. పైగా మీకు బక్కగా కనిపించినది పుట్టుకతోనే సన్నగా ఉండే పసరిక పాము కావచ్చు, లేదా ప్రాణాలు తీసే కట్లపాము కావచ్చు. అటవీశాఖకు గానీ, హైదరాబాదు పరిసరాల్లో అయితే ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీకి గానీ కబురు చేయండి. విదేశీ జాతి అయిన బాల్ పైథాన్‌ను ఇండియాలో ఉంచుకోవాలన్నా, చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024 నాటి నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి.

కోలుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది?

నెలల లెక్కలో ఆలోచించండి. మా పాము 640 నుంచి 1,200 గ్రాములకు రావడానికి పదకొండు నెలలు పట్టింది, అందులో మొదటి రెండు నెలల్లో త్రాసు పెద్దగా కదలనే లేదు. ముందుగా తోక మొదలు దగ్గరి గుంటలు పూడాయి, ఆ తర్వాత నడుము, అన్నిటికన్నా చివర వెన్నెముక పక్కల కండ నిండింది.

తొందర పడినవారు ఇక్కడ రెండో తప్పు చేస్తారు. పాము ఆబగా తినడం మొదలుపెట్టాక నాలుగు రోజులకు ఒకటి చొప్పున పెట్టి, పోయిన బరువును కొవ్వు రూపంలో తిరిగి తెస్తారు. గుంటలు పూడి ఒళ్ళు గుండ్రంగా అయ్యాక, ఎదిగిన పాముకు రెండు నుంచి నాలుగు వారాలకు ఒకసారి, దాని బరువులో 5 లేదా 6 శాతం ఎర సరిపోతుంది.

అంతా బాగుందనుకుంటుండగా నవంబరులో మళ్ళీ తినడం మానేసింది. జబ్బు తిరగబెట్టిందా?

బహుశా కాదు. ఎదిగిన బాల్ పైథాన్లు చలికాలంలో, జతకట్టే రుతువులో, వారాలు కాదు, నెలల తరబడి తినకుండా ఉండడం వాటి స్వభావం. 2007లో అర్కాన్సా విశ్వవిద్యాలయానికి చెందిన మార్షల్ మెక్‌క్యూ బాల్ పైథాన్లతో సహా మూడు జాతుల పాములను దాదాపు ఆరు నెలలు ఆహారం లేకుండా ఉంచి పరిశీలించినప్పుడు, అవి జీవక్రియ వేగాన్ని 72 శాతం దాకా తగ్గించుకోగలిగాయని, బరువులో 9 నుంచి 24 శాతం మాత్రమే కోల్పోయాయని తేలింది. అవి ఒంట్లో నిల్వ ఉన్న పాములు కాబట్టి తట్టుకున్నాయి. మీ పాము తెచ్చిననాడు ఆ స్థితిలో లేదు, ఇప్పుడు ఉంది.

థర్మామీటరు, తేమ చూడండి. వారం వారం తూచే నోటు పుస్తకం తెరవండి. మానేసిన రోజు బరువును గీత గీసి రాసుకోండి. దానిలో పదో వంతు తగ్గేదాకా గూటిని కదపకుండా, రెండు వారాలకు ఒక ఎలుకను మాత్రం చూపించి, తినకపోతే పారేయండి. పదో వంతు దాటితే వైద్యుడికి ఫోన్ చేయండి. మా పాము మొదటి శీతాకాలంలో నవంబరు 9 నుంచి మార్చి మొదటి వారం దాకా ఏమీ ముట్టలేదు. తగ్గిన బరువు 46 గ్రాములు.